ఇంగ్లీషు విశేషణములు: చోటు మారితే అర్థము మారును



ఈ సంచికలో ఇంగ్లీషు విశేషణములను గూర్చి ఒక పాఠము వ్రాయుచున్నాము. ఇది బడి పిల్లలకు మాత్రమే సంబంధించిన విషయము కదా అని పెద్దలు పేజీ తిప్పవద్దని మనవి. అర్జీ వ్రాసేవారికి, సంఘపు మినిట్సు పుస్తకము వ్రాసేవారికి, బెంగళూరులో ఇంటర్వ్యూకు పోయే పిల్లలున్న తల్లిదండ్రులకు ఇది పనికివచ్చే పాఠము. ఎందుకు పనికివచ్చునో ముందు మా పొరపాటుతోనే మొదలుపెట్టి చెప్పెదము.

2001లో మన బంగారు గనులు మూతబడిన తరువాత, ఇక్కడి ఇండ్లలో చాలమంది పని వెదకుకొంటూ మారికుప్పము రైలెక్కి బెంగళూరుకు పోవడము మొదలైంది. అట్లా పోయినవారిలో మాకు తెలిసిన ఒక యువకుడుండెను. ఒక స్టోరులో లెక్కలు చూచినవాడు, నమ్మకస్తుడు. స్టాకులో తేడా వచ్చినప్పుడెల్లా రాత్రి కూర్చుని చీటీలన్నీ సరిచూచి, తేడా ఎక్కడ వచ్చిందో కనిపెట్టేవాడు. అతనికి గుణగణముల పత్రమొకటి ఇంగ్లీషులో వ్రాసి ఇమ్మని అడిగితే సంతోషముగా వ్రాసి ఇచ్చితిమి. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము గనుక మా ఇంగ్లీషు మీద మాకు నమ్మకముండెను. ‘స్టాకులో తేడా వచ్చినప్పుడెల్లా బాధ్యత గల మనిషి ఇతడే’ అని మనసులో తెలుగున అనుకొని, ఇంగ్లీషులో ఇట్లా వ్రాసితిమి:

‘వెనెవర్ దేర్ వాజ్ ఎ డిఫరెన్స్ ఇన్ ద స్టాక్, హి వాజ్ ద మ్యాన్ రెస్పాన్సిబుల్.’

నాలుగు రోజులకు ఆ యువకుడు మా వాకిట నిలబడినాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. “సార్, మీరు రాసిన లెటర్లో నేనే స్టాకు తీసినట్టు ఉందంట. ఆఫీసులో చదివి నవ్వినారు సార్” అన్నాడు. మేము ఆ కాగితము తీసికొని మరల చదివితిమి. అతడు చెప్పినది నిజమే. మేము వ్రాసిన వాక్యమునకు ఇంగ్లీషు తెలిసినవాడెవడైనను చేసే అర్థము ఒక్కటే: తేడా వచ్చిన ప్రతిసారీ దానికి కారకుడు ఇతడే!

మాటలలో తప్పు లేదు. స్పెల్లింగులో తప్పు లేదు. ‘రెస్పాన్సిబుల్’ అనే విశేషణము ఉండవలసిన చోటున లేదు, అంతే. ‘ఎ రెస్పాన్సిబుల్ మ్యాన్’ అంటే బాధ్యత గల మనిషి. ‘ద మ్యాన్ రెస్పాన్సిబుల్’ అంటే ఆ జరిగినదానికి బాధ్యుడు. తెలుగులో ఈ రెండింటికీ మనము రెండు మాటలు వాడుతాము: బాధ్యత గలవాడు, బాధ్యుడు. ఇంగ్లీషువాడు ఒకే మాటను ముందొకసారి, వెనుకొకసారి పెట్టి రెండు అర్థములు తెప్పిస్తాడు. ఈ సంగతి గుర్తుంచుకొంటే నేటి పాఠములో సగము వచ్చినట్లే.

1. మన భాషలలో విశేషణము ఎట్లా నడుచును?

కోలారు జిల్లాలో మన పిల్లలు పుట్టుకతోనే రెండు మూడు భాషలు వింటారు. అందుచేత ఈ పోలిక వారికి తేలికగా తెలియును. తెలుగులో ‘కొత్త ఇల్లు’ అంటాము. కన్నడములో ‘హొస మనె’, తమిళములో ‘పుదు వీడు’. మూడు భాషలలోను విశేషణము ముందు, నామవాచకము వెనుక. ఇంగ్లీషులోను ‘న్యూ హౌస్’ అంతే. ఇక్కడివరకు చిక్కు లేదు.

వాక్యము చివరకు వచ్చినప్పుడు తేడా కనబడును. మనము ‘ఇల్లు కొత్త’ అని ఊరుకోము. ‘ఇల్లు కొత్తది’ అంటాము. కన్నడములో ‘మనె హొసదు’ అంటారు. మనిషి అయితే ‘మంచివాడు, మంచిది, మంచివారు’ అని లింగమునుబట్టి, వచనమునుబట్టి, మర్యాదనుబట్టి మాట మారును. ఇంగ్లీషు విశేషణము మాత్రము మారదు. ‘ఎ గుడ్ మ్యాన్’, ‘ద మ్యాన్ ఈజ్ గుడ్’, ‘ద విమెన్ ఆర్ గుడ్’ — మూడు చోట్లా ‘గుడ్’ ఒక్కటే. తోక తగిలించే పని లేదు.

మన పిల్లలు ఇది చూచి ఇంగ్లీషు విశేషణము సులువనుకొంటారు. రూపము మారనందువల్లనే అది తన చోటుమీద, తన ప్రక్కనున్న మాటమీద ఎక్కువగా ఆధారపడును. మన భాష మాట రూపముతో చెప్పే పనిలో కొంత, ఇంగ్లీషు మాట చోటుతో చెప్పును.

2. ముందు ఒక అర్థము, వెనుక ఒక అర్థము

పైన చెప్పిన ‘రెస్పాన్సిబుల్’ వంటివి మరి మూడు చూడండి.

మొదటిది ‘ప్రెజెంట్’. ‘ద ప్రెజెంట్ మెంబర్స్’ అంటే ప్రస్తుత సభ్యులు, అనగా ఇప్పుడు పదవిలో ఉన్నవారు. ‘ద మెంబర్స్ ప్రెజెంట్’ అంటే ఆ దినము సమావేశమునకు హాజరైనవారు. మినిట్సు వ్రాసే కార్యదర్శులు దీనిని బాగుగా గమనించవలెను. కమిటీలో పన్నెండుగురుండి ఏడుగురు వచ్చినప్పుడు, ‘ఆల్ ద ప్రెజెంట్ మెంబర్స్ అగ్రీడ్’ అని వ్రాస్తే పన్నెండుగురూ ఒప్పుకొన్నారని అర్థమగును. రాని ఐదుగురు మరుసటి నెల వచ్చి, మేమెప్పుడు ఒప్పుకొన్నాము అని అడిగితే తప్పు వారిది కాదు.

రెండవది ‘లేట్’. ‘మై లేట్ ఫాదర్’ అంటే దివంగతులైన మా తండ్రిగారు. ‘మై ఫాదర్ ఈజ్ లేట్’ అంటే మా నాన్న ఆలస్యముగా వస్తున్నాడు. ఇంటర్వ్యూలో తండ్రి ఏమి చేయునని అడిగినప్పుడు, గనిలో పనిచేసి చనిపోయిన తండ్రిని గూర్చి పిల్ల ‘మై ఫాదర్ ఈజ్ లేట్’ అని చెప్పితే, అడిగినవారికి అర్థము కాక వాకిలివైపు చూచెదరు. ఆమె చెప్పవలసినది: ‘మై లేట్ ఫాదర్ వర్క్‌డ్ ఇన్ ద మైన్స్.’ లేదా సూటిగా ‘మై ఫాదర్ ఈజ్ నో మోర్’ అనవచ్చును. మన దేశములో అది అందరికీ తెలిసిన వాడుకే.

మూడవది ‘కన్సర్న్‌డ్’. ‘ది ఆఫీసర్ కన్సర్న్‌డ్’ అంటే సంబంధిత అధికారి. ‘ఎ కన్సర్న్‌డ్ ఆఫీసర్’ అంటే కలత చెందిన అధికారి అని ఇంగ్లండులోని వారికి తోచును. మన ఆఫీసులలో ‘ద కన్సర్న్‌డ్ ఆఫీసర్’ అని వ్రాసినా సంబంధిత అధికారి అనే అర్థము చేసుకొంటారు. అయితే విదేశములోని కంపెనీకి వ్రాసే పిల్లలు మాటను వెనుక పెట్టి వ్రాయుట మంచిది.

వెనుక మాత్రమే నిలిచే విశేషణములు కూడ కొన్ని ఉన్నవి. ‘అలైవ్, అస్లీప్, అఫ్రెయిడ్’ వంటివి. ‘దే ఫౌండ్ హిమ్ అలైవ్’ అంటే అతనిని ప్రాణముతో కనుగొనిరి. గనిలో రాయి విరిగిపడిన దినములలో ఆ ఒక్క మాట కొరకు షాఫ్టు దగ్గర ఎన్ని కుటుంబములు నిలబడి ఎదురుచూచినవో పెద్దలకు తెలియును. అయితే ‘అలైవ్ మ్యాన్’ అని ముందు పెట్టకూడదు. ముందు పెట్టవలసివస్తే మాటే మార్చి ‘లివింగ్’ అనవలెను. ఇంగ్లీషు బైబిలులో సజీవుడైన దేవునికి ‘లివింగ్ గాడ్’ అని ఉండుట మీరు చూచియే ఉన్నారు.

3. గోల్డ్, గోల్డెన్

బంగారము తవ్విన ఊరివారమై యుండి ఈ రెండు మాటల తేడా తెలియకపోతే ఎట్లు? తెలుగులో ‘బంగారము’ నామవాచకము. దాని విశేషణ రూపము ‘బంగారు’. బంగారు గాజులు, బంగారు గని, బంగారు మాట, బంగారు తల్లి — అన్నింటికీ అదే రూపము. గాజులు నిజముగా బంగారముతో చేసినవి. తల్లి బంగారముతో చేసినది కాదు, బంగారమువంటిది. వినేవారికి సందర్భమునుబట్టి తెలిసిపోవును.

నేటి ఇంగ్లీషులో సాధారణముగా రెండు మాటలుగా విడదీస్తారు. వస్తువు బంగారముతో చేసినదైతే ‘గోల్డ్ రింగ్, గోల్డ్ చెయిన్’. బంగారమువంటిది, బంగారు రంగుది, మిక్కిలి విలువైనది అని చెప్పవలెనంటే ‘గోల్డెన్ హెయిర్, గోల్డెన్ ఆపర్చునిటీ, గోల్డెన్ రూల్’. కనుకనే మన ఊరి పేరు ‘కోలార్ గోల్డ్ ఫీల్డ్స్’. ‘గోల్డెన్ ఫీల్డ్స్’ అంటే పండిన వరిపొలములు అని అర్థమగును! అవి బంగారు రంగులో మెరయును గాని వాటిలో బంగారము లేదు.

దీనికి మినహాయింపు కూడ ఉన్నది. పాత వాడుకలో నిజముగా బంగారముతో చేసినదానికి కూడ ‘గోల్డెన్’ అనేవారు. అరణ్యములో ఇశ్రాయేలీయులు చేసికొన్న బంగారు దూడను ఈనాటికీ ‘గోల్డెన్ కాఫ్’ అనే అంటారు. ‘ఉడ్, ఉడెన్’ అనే జతకు ఈ సూత్రము వర్తించదు. చెక్కతో చేసిన పెట్టె ‘ఉడెన్ బాక్స్’ అగును.

4. లిటిల్, స్మాల్

1880 ప్రాంతములో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చిన తరువాత ఇక్కడ దొరల బంగళాలు, క్లబ్బు, ఇంగ్లీషు పద్ధతి అన్నీ పెరిగినవి. చల్లని గాలి కూడ తోడై ఈ ఊరికి ‘లిటిల్ ఇంగ్లండ్’ అనే పేరు వచ్చినది. ‘స్మాల్ ఇంగ్లండ్’ అని ఎందుకు అనలేదు? ‘స్మాల్’ కొలత చెప్పే మాట. ‘లిటిల్’ కొలతతోబాటు ముద్దును, మమకారమును కూడ చెప్పును. తెలుగులో ‘చిన్న’కు ‘చిట్టి’కి ఉన్న తేడావంటిదే. ‘చిన్న చెల్లెలు’ అంటే వయస్సు తెలియును. ‘చిట్టి చెల్లెలు’ అంటే ప్రేమ తెలియును. అయితే ఆ చిట్టి ఇంగ్లండు దొరల బంగళాల వరకే. మన తాతలు చిత్తూరు వైపునుండి, ఇతర చోట్లనుండి వచ్చి కాపురమున్న లైన్లను ఎవరూ ఆ పేరుతో పిలువలేదు. విశేషణము చెప్పేవాని చూపును కూడ చెప్పునని దీనివలన తెలిసికొనవలెను.

‘లిటిల్’తో మరియొక జాగ్రత్త ఉన్నది. ‘వి హావ్ ఎ లిటిల్ రైస్’ అంటే కొంచెము బియ్యము ఉన్నది, ఈ పూటకు గడచును. ‘వి హావ్ లిటిల్ రైస్’ అంటే బియ్యము కొంచెమే ఉన్నది, చాలదు. తెలుగులో ‘కొంచెము’ను ‘కొంచెమే’ అని ఒక్క ఏకారముతో మార్చిన పనిని ఇంగ్లీషులో ‘ఎ’ అనే చిన్న మాట తీసివేసి చేస్తారు. ‘ఫ్యూ, ఎ ఫ్యూ’ కూడ ఇట్లే.

5. రకము చెప్పేవి, గుణము చెప్పేవి

గనిలో పనివారు రెండు విధములు: ‘అండర్‌గ్రౌండ్ వర్కర్స్, సర్ఫేస్ వర్కర్స్’. ఇక్కడ ‘అండర్‌గ్రౌండ్’ అనేది ఏ రకపు పనివాడో చెప్పును. ‘టైర్డ్ వర్కర్, ఆనెస్ట్ వర్కర్’ అన్నప్పుడు ఎట్టివాడో చెప్పును. మొదటివాటికి ముందు ‘వెరీ’ చేరదు. ‘వెరీ అండర్‌గ్రౌండ్ వర్కర్’ అంటే నవ్వుదురు. రెండవవాటికి చేరును. విశేషణము ముందు ‘వెరీ’ పెట్టి చూడుము. అతికితే గుణము, అతకకపోతే చాలవరకు రకము. ఇది పిల్లలకు మంచి గుర్తు.

గుణము చెప్పేవాటికి తరతమ భేదములుండును. మనము ‘కంటె’, ‘అన్నింటికంటె’ అని చెప్పుకొంటాము, విశేషణము మారదు. ఇంగ్లీషులో ‘డీప్, డీపర్, డీపెస్ట్’ అని మాటే మారును. మన జిల్లాలో నీటి కొరకు వేయి అడుగులు దాటి బోరు వేయుట మామూలైనది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. ‘ద బోర్‌వెల్ ఈజ్ డీప్, ద మైన్ వాజ్ మచ్ డీపర్.’ కొందరు ‘మోర్ డీపర్’ అంటారు. అది రెండుసార్లు చెప్పినట్లు, తప్పు. గని మూతబడినది గనుక ‘వాజ్’ అంటిమి. అది కూడ గమనించండి.

6. చివర ‘ఇంగ్’, చివర ‘ఎడ్’

ఇంటర్వ్యూలలో మన పిల్లలు తరచుగా జారిపడే చోటు ఇది. ‘ఐ యామ్ ఇంటరెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అంటారు. చెప్పదలచినది ‘ఐ యామ్ ఇంటరెస్టెడ్’. ‘ఇంగ్’ వచ్చినది ఆ భావమును పుట్టించును. ‘ఎడ్’ వచ్చినది ఆ భావమును పొందును. తెలుగులో చూడండి: షిఫ్టు దిగి వచ్చిన తండ్రి అలసిన మనిషి, అతడు చేసినది అలసట పుట్టించే పని. ‘టైర్డ్ మ్యాన్, టైరింగ్ వర్క్.’ ‘అలసిన’, ‘పుట్టించే’ అని మనకు వేరువేరు రూపములున్నవి గదా. వాటిని తలచుకొని ఇంగ్లీషుకు పోతే తప్పు రాదు.

7. జత కుదిరిన మాటలు

‘పెద్ద వాన’ను ‘బిగ్ రెయిన్’ అనరు, ‘హెవీ రెయిన్’ అంటారు. చిక్కని టీని ‘థిక్ టీ’ అనరు, ‘స్ట్రాంగ్ టీ’ అంటారు. దీనికి కారణము వెదకి లాభము లేదు. మనము ‘పచ్చి అబద్ధము, పండు ముసలి’ అనుటకు ఏమి కారణము చెప్పగలము? వాడుకలో అట్లా జత కుదిరినవి. ఇంగ్లీషు మాట నేర్చినప్పుడు దాని జతను కూడ నేర్చుకొనవలెను. ‘ఓల్డ్’ అనే మాటకు మనుష్యుల ప్రక్కన ‘ముసలి’ అని, వస్తువుల ప్రక్కన ‘పాత’ అని, ‘ఫ్రెండ్’ ప్రక్కన ‘చిరకాలపు’ అని అర్థము. నాలుగవ తరగతి పిల్లవాడు కూడ ఇంకొకనికి ‘ఓల్డ్ ఫ్రెండ్’ కావచ్చును!

విశేషణములు రెండు మూడు వచ్చినప్పుడు వరుస కూడ ఉన్నది. మనము ‘పాత అందమైన చెక్క పెట్టె’ అన్నా, ‘అందమైన పాత చెక్క పెట్టె’ అన్నా చెల్లును. ఇంగ్లీషులో సాధారణ వరుస ఇది: మన అభిప్రాయము, పరిమాణము, వయస్సు, రంగు, పుట్టిన చోటు, చేసిన పదార్థము. ‘ఎ బ్యూటిఫుల్ లార్జ్ ఓల్డ్ ఉడెన్ బాక్స్.’ వస్తువునుండి విడదీయరానిది వస్తువునకు దగ్గరగా నిలుచును; చూచేవానినిబట్టి మారే అభిప్రాయము దూరముగా నిలుచును.

అభ్యాసము

ఇంగ్లీషులో వ్రాయుడి:
1. సమావేశమునకు హాజరైన సభ్యులు.
2. మాకు ఈ పుస్తకము మీద ఆసక్తి ఉన్నది.
3. బాధ్యత గల స్త్రీ.
4. ఒక చిన్న కొత్త బంగారు ఉంగరము.
5. మా యొద్ద డబ్బు కొంచెమే ఉన్నది.
6. జోరు వాన.

జవాబులు: 1. ద మెంబర్స్ ప్రెజెంట్. 2. వి ఆర్ ఇంటరెస్టెడ్ ఇన్ దిస్ బుక్. 3. ఎ రెస్పాన్సిబుల్ వుమన్. 4. ఎ స్మాల్ న్యూ గోల్డ్ రింగ్. 5. వి హావ్ లిటిల్ మనీ. 6. హెవీ రెయిన్.

ఇక ఆ యువకుని సంగతి. ఆ దినమే కూర్చుని వేరే పత్రము వ్రాసితిమి. ‘హి ఈజ్ ఎ రెస్పాన్సిబుల్ మ్యాన్’ అని ఒక వాక్యము. దాని తరువాత, విశేషణము మీద భారము వేయక, అతడు చేసిన పనినే చెప్పితిమి: స్టాకులో తేడా వచ్చినప్పుడు అతడే కనిపెట్టి సరిచేసెను అని. అది తీసికొని అతడు పోవునప్పటికి ఆ ఉద్యోగము వేరొకరికి ఇచ్చివేసిరి. మరి కొన్ని నెలలకు ఇంకొక చోట పని దొరికినది. అతడు మమ్మును ఒక్క మాట అనలేదు. అయినను ఆ నెలల జీతము మా పెన్ను వలన పోయినదని మాకు తెలియును.

అందుచేత పెద్దలకు మా మనవి. ఇతరుల కొరకు ఇంగ్లీషులో ఏదైనను వ్రాసి ఇచ్చునప్పుడు, ఇచ్చుటకు ముందు మరియొకరిచేత చదివించండి. చదివినవారిని ‘తప్పులున్నవా?’ అని అడుగవద్దు, ‘నీకేమి అర్థమైనది?’ అని అడగండి. ఆ యువకుని పత్రమును మేము అట్లా చదివించియుంటే, మన ఇంటిలోని ఇంటరు చదివే పిల్లయైనను ఆ తప్పును పట్టియుండును.